అమిస్టాడ్ కేసు: బానిసలని రాసిన ఆ దొంగ కాగితాలు

ప్రశ్న: 1839లో అమిస్టాడ్ ఓడ మీద తిరగబడ్డ ఆఫ్రికన్లను అమెరికా సుప్రీంకోర్టు విడిచిపెట్టిందని చదివాను. అప్పటికి అమెరికాలో బానిసత్వం చట్టబద్ధమే, జడ్జీల్లో ఎక్కువమంది దక్షిణాది వాళ్ళే. మరి ఎలా వదిలేశారు? జాలిపడ్డారా?

జవాబు: జాలి కాదండీ, కాగితాలు. ఈ కేసు మొత్తం వాటి చుట్టూనే తిరిగింది.

ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొత్తగా పట్టుకొచ్చి క్యూబాలో అమ్మడం 1820 నుంచి స్పెయిన్ చట్టం ప్రకారమే నేరం. బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని స్పెయినే ఆ నిషేధం పెట్టుకుంది. అంతకుముందు వచ్చినవాళ్ళనీ, క్యూబాలో బానిసలకు పుట్టినవాళ్ళనీ కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, దానికి అడ్డులేదు. ఇక వ్యాపారులకు దొంగదారి ఏమిటో మీకే అర్థమై ఉంటుంది. ఇప్పటి సియెర్రా లియోన్ ప్రాంతంలో ఎత్తుకొచ్చిన మెండే జాతివాళ్ళని లొంబోకో అనే చోట అమ్మారు, టెకోరా అనే ఓడలో కుక్కి హవానా చేర్చారు. అక్కడ హోసే రూయిజ్ 49 మంది పెద్దవాళ్ళని, పెడ్రో మోంటెజ్ నలుగురు పిల్లల్ని కొన్నారు. వీళ్ళని అమిస్టాడ్ ఎక్కించడానికి, వీళ్ళంతా ఎప్పటినుంచో క్యూబాలో ఉన్న బానిసలే అన్నట్టు స్పానిష్ పేర్లతో ప్రయాణ పత్రాలు కూడా పుట్టించారు. సెంగ్బే పియే అనే వరిరైతు ఆ కాగితంలో హోసే అయిపోయాడు.

ఆ నలుగురు పిల్లల్ని చూడండి. ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి, అందరూ పదేళ్ళకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు. 1820కి ముందే క్యూబాకి వచ్చి ఉండాలంటే 1839 నాటికి పంతొమ్మిదేళ్ళయినా నిండాలి కదా. పోనీ అక్కడే పుట్టారనుకుందామంటే స్పానిష్ ముక్క ఒక్కటీ రాదు. ఇంత పచ్చి అబద్ధానికి అధికారి సంతకం ఉందంటే హవానాలో ఈ వ్యాపారం ఎంత ధైర్యంగా సాగేదో ఊహించుకోండి.

తిరగబడ్డాక వీళ్ళు అమెరికా చేతికి చిక్కారు. స్పెయిన్ మాత్రం అమెరికాతో చేసుకున్న 1795 నాటి ఒప్పందం పట్టుకుని కూర్చుంది: సముద్రపు దొంగల చేతిలోంచి విడిపించిన సరుకుని సొంతదారుకి అప్పగించాలి అని. అయితే ఇక్కడ సరుకెవరు, దొంగలెవరు? స్పెయిన్ లెక్క ప్రకారం రెండూ ఈ ఆఫ్రికన్లే! ఈ మెలికని కోర్టులో వీళ్ళ తరఫున వాదించిన అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ బాగా ఎండగట్టాడు. 1841 మార్చి 9న జస్టిస్ జోసెఫ్ స్టోరీ తీర్పు చదివాడు: కాగితాలు మోసపూరితమైనవి, వీళ్ళు ఎప్పుడూ చట్టప్రకారం బానిసలు కారు, కాబట్టి సరుకూ కారు, స్వేచ్ఛ కోసం పోరాడారు కాబట్టి దొంగలూ కారు. ఒక్క జడ్జి మాత్రం ఒప్పుకోలేదు.

బానిసత్వం తప్పు అని ఆ తీర్పులో ఎక్కడా లేదు. అమిస్టాడ్ కెప్టెన్ దగ్గర బానిసగా పనిచేసిన ఆంటోనియో అనే కుర్రాడి కాగితాలు సక్రమమే అని తేల్చి, వాణ్ణి వెనక్కి పంపమని కింది కోర్టు ఎప్పుడో ఉత్తర్వు ఇచ్చింది. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్ళు వాణ్ణి గుట్టుగా కెనడాకి దాటించారు కాబట్టి బతికిపోయాడు. ఈ తీర్పుతో ఏకీభవించిన ప్రధాన న్యాయమూర్తి టేనీయే 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివాళ్ళు అసలు అమెరికా పౌరులే కాలేరని రాశాడు. ఇంకా జాలి అంటారా?

ప్రశ్న: ఓడ చేతికొచ్చాక ఆఫ్రికాకి పోకుండా అమెరికా ఎందుకు వెళ్ళారు?

జవాబు: వాళ్ళు వెళ్ళలేదు, మోసపోయారు. మిమ్మల్ని చంపి తినేస్తారని ఓడలో వంటవాడు సైగలు చేసి భయపెట్టాడు. ఇక ఆగి లాభం లేదనుకున్న సెంగ్బే ఒక మేకుతో గొలుసుల తాళం తీశాడు. ఓడలో చెరకు నరికే కత్తుల పెట్టెలున్నాయి, అవే ఆయుధాలయ్యాయి. జులై మొదటి రోజుల్లో, తెల్లవారకముందే వంటవాణ్ణీ కెప్టెన్‌నీ చంపేశారు. ఓడ నడపడం తెలియదు కాబట్టి మోంటెజ్‌ని, రూయిజ్‌ని మాత్రం ప్రాణాలతో ఉంచారు. పగలు సూర్యుడు ఉదయించే దిక్కుకి నడపమంటే మోంటెజ్ అలాగే నడిపేవాడు, చీకటి పడగానే ఉత్తరానికి తిప్పేవాడు. ఇలా దాదాపు రెండు నెలలు. నీళ్ళు అయిపోయి కొందరు దారిలోనే పోయారు. చివరికి ఆగస్టు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్ ఒడ్డున అమెరికా నౌకాదళం వాళ్ళ కంటపడ్డారు.

ఇక్కడ ఇంకో సంగతి. న్యూయార్క్‌లో అప్పటికే బానిసత్వం రద్దయింది. వాళ్ళని పట్టుకున్న నౌకాదళ అధికారి లెఫ్టినెంట్ గెడ్నీ ఓడని అక్కడ కాకుండా ఇంకా రద్దు కాని కనెక్టికట్‌కి లాక్కెళ్ళాడు, తర్వాత ఓడని కాపాడినందుకు వాటా కావాలని కోర్టుకెక్కాడు. ఆ మనుషుల విలువలో కూడా వాటా అడిగాడు మహానుభావుడు!

ప్రశ్న: మెండే భాష అక్కడ ఎవరికీ రాదు కదా, వాళ్ళ గోడు కోర్టుకి ఎలా తెలిసింది?

జవాబు: యేల్ ప్రొఫెసర్ జోసయ్య గిబ్స్ జైల్లో వాళ్ళ దగ్గర కూర్చుని ఒకటి నుంచి పది దాకా అంకెలు నేర్చుకున్నాడు. న్యూయార్క్ ఓడరేవుకి పోయి, కనిపించిన నల్లజాతి నావికుడి ముందల్లా వాటిని పైకి వల్లించాడు. చూసినవాళ్ళు పిచ్చోడనుకుని ఉంటారు. అలా దొరికిన, మెండే తెలిసినవాడే జేమ్స్ కవీ. చిన్నప్పుడు తననీ బానిస ఓడ ఎక్కిస్తే బ్రిటిష్ వాళ్ళు విడిపించారు, అప్పటికి బ్రిటిష్ ఓడలో నావికుడిగా ఉన్నాడు.

ప్రశ్న: ఆడమ్స్ లేకపోతే కేసు ఓడిపోయేవాళ్ళేనా?

జవాబు: మాజీ అధ్యక్షుడు, 73 ఏళ్ళ వయసు, గంటల తరబడి వాదన, పేరు ఆయనకే వచ్చింది. నన్నడిగితే అసలు బరువు మోసింది రోజర్ బాల్డ్విన్ అనే లాయరు. కింది కోర్టు నుంచీ ఉన్నది ఆయనే, 1840 జనవరిలో జడ్జి ఆండ్రూ జడ్సన్ దగ్గర గెలిచినప్పుడూ ఆయనే. అప్పుడు అధ్యక్షుడు వాన్ బ్యూరెన్, తీర్పు స్పెయిన్ వైపు వస్తే అప్పీలుకి టైమివ్వకుండా వాళ్ళని క్యూబాకి పంపేయాలని గ్రాంపస్ అనే యుద్ధనౌకని న్యూహేవెన్‌లో సిద్ధంగా ఉంచాడు. ఎన్నికల ఏడాది, దక్షిణాది ఓట్ల టెన్షన్. తీర్పు అడ్డం తిరిగేసరికి ప్రభుత్వమే అప్పీలుకి పోయింది.

ప్రశ్న: ఇల్లు చేరారా?

జవాబు: విడుదల చేసిన సుప్రీంకోర్టు దారి ఖర్చు మాత్రం ప్రభుత్వం మీద పెట్టలేదు. ఫార్మింగ్టన్ అనే ఊళ్ళో ఉంటూ, సభల్లో తమ కథ చెప్పి చందాలు పోగుచేసుకున్నారు. 1841 నవంబరులో 35 మంది ఓడెక్కి, 1842 జనవరిలో ఫ్రీటౌన్‌లో దిగారు. మిగతావాళ్ళు సముద్రం మీదో, జైల్లోనో, ఆ తర్వాతో చనిపోయారు.

ప్రశ్న: ఇలా గెలిచినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?

జవాబు: వీళ్ళు ఓడెక్కిన ఆ నవంబరులోనే క్రియోల్ అనే అమెరికా ఓడలో వర్జీనియా నుంచి న్యూ ఆర్లీన్స్‌కి తరలిస్తున్న బానిసలు తిరగబడ్డారు. ముందు నిలిచినవాడు మాడిసన్ వాషింగ్టన్. వీళ్ళ కాగితాలు అమెరికా చట్టం ప్రకారం సక్రమమే కాబట్టి అమిస్టాడ్ వాదన పనికిరాదు. ఓడని బ్రిటిష్ వాళ్ళ నాసోకి మళ్ళించారు, బ్రిటన్ అప్పటికే బానిసత్వం రద్దు చేసింది కాబట్టి వందమందికి పైగా విడుదలయ్యారు. 1855లో పంచాయితీ తేలి, బ్రిటన్ పరిహారం కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు యజమానులకే వెళ్ళింది.