బీపీటీ చేసి కైరోప్రాక్టర్ అయ్యాను: నడుం దగ్గర మొదలైన పని మనిషి మొత్తం దాకా ఎలా వెళ్ళిందంటే

మీరు బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, ఫైనల్ ఇయర్‌లో ఉన్నారు, అమెరికాలో కైరోప్రాక్టిక్, అంటే వెన్నునీ కీళ్ళనీ చేత్తో సర్దే వైద్యం, చదవాలని ఆలోచన. కానీ రీల్స్‌లో మెడ తిప్పి టక్కుమనిపించే పనికీ, క్లినిక్ బోర్డు మీద "హోలిస్టిక్ కేర్" (మనిషి మొత్తాన్ని చూసే వైద్యం) అని రాసుకోవడానికీ పొంతన కుదరడం లేదు, అది నిజమైన వైద్యమా, సప్లిమెంట్లు అమ్ముకునే దారా అని అడిగారు. రెండు రకాల క్లినిక్‌లూ ఉన్నాయి. నేను గుంటూరులో బీపీటీ చేసి, పెళ్ళయ్యాక డాలస్ వచ్చి, ఇక్కడి పార్కర్ యూనివర్సిటీలో చదివి ప్రాక్టీస్ చేస్తున్నాను, కాబట్టి నేను చూసింది చెప్తాను.

ముందు చదువు సంగతి. చేరడానికి మామూలుగా 90 సెమిస్టర్ క్రెడిట్లు అడుగుతారు, మన డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్పించుకోవాలి. పార్కర్‌లో కోర్సు పది ట్రైమెస్టర్లు, ఫీజులే లక్ష డాలర్లు దాటతాయి. నేషనల్ బోర్డు పరీక్షలు నాలుగు పార్టులు, ఆపైన ప్రాక్టీస్ పెట్టే రాష్ట్రం లైసెన్సు. బీపీటీ చదివినవాళ్ళకి అనాటమీ కొత్తగా ఉండదు, ఎక్స్-రే చదవడం మాత్రం చాలా లోతుగా నేర్పుతారు, అక్కడ బాగా కష్టపడాలి.

ఇక అసలు విషయం. ఈ వృత్తి పుట్టింది 1895లో, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో. డి.డి. పామర్ అనే ఆయన చెవులు సరిగ్గా వినిపించని హార్వే లిల్లార్డ్ అనే పనివాడి వెన్నుపూస సర్దితే వినికిడి మెరుగైందని చెప్పుకున్నారు. వెన్ను సర్దితే రోగాలన్నీ పోతాయన్న ఆయన నమ్మకానికి ఆధారాలు లేవు, నేను దాన్ని నమ్మను, నా పేషెంట్లకీ చెప్పను. షుగరు, థైరాయిడ్ వెన్ను నొక్కితే తగ్గుతాయని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కానీ ఆయన దెబ్బలతో పాటు ఒంట్లో చేరే విషాలనూ, మనసులో నడిచే ఆలోచనలనూ రోగ కారణాల్లో చేర్చారు. అంటే మనిషి మొత్తాన్ని చూడాలన్న ఊహ మొదటి నుంచీ ఉంది. అది ఎక్కడ సన్నబడిందంటే, నా లెక్కలో, డబ్బు చెల్లించే పద్ధతి దగ్గర. పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్ 1972 చట్టంతో కైరోప్రాక్టర్లకి చెల్లించడం మొదలుపెట్టింది, అదీ వెన్నుపూసని చేత్తో సర్దడానికి మాత్రమే. ఇప్పటికీ అంతే. పేషెంట్‌తో అరగంట కూర్చుని నిద్ర గురించి, తిండి గురించి మాట్లాడితే దానికి మెడికేర్ నుంచి ఒక్క డాలరు రాదు. అలాంటప్పుడు క్లినిక్‌లు ఎలా నడుస్తాయో మీరే ఊహించుకోండి.

నేను చేరిన మొదటి క్లినిక్ అలాగే నడిచేది, పేరు అనవసరం. రూమ్‌లోకి వెళ్ళడం, ఎలా ఉందని అడగడం, డ్రాప్ టేబుల్ (నొక్కినప్పుడు కొంచెం కిందికి దిగే బల్ల) మీద సర్దడం, నోట్స్ కొట్టి పక్క రూమ్‌కి పరిగెత్తడం. కొత్తగా వచ్చినవాళ్ళకి నెలల తరబడి ప్యాకేజీ ముందే కట్టించేవాళ్ళు. మనుషులు హాయిగా వెళ్ళేవాళ్ళు, వారం తిరిగేసరికి అదే వైపు అదే బిగుతుతో మళ్ళీ వచ్చేవాళ్ళు. చేతి కింద ఆ కండరం తెలుస్తూనే ఉంటుంది, అది ఎందుకు మళ్ళీ బిగుసుకుంటోందో అడగడానికి మాత్రం టైమ్ ఉండదు. ఆ టెన్షన్ భరించలేక బయటికి వచ్చి, ఇంకొకరితో కలిసి చిన్న క్లినిక్ పెట్టుకున్నాను, మొదటి విజిట్ కనీసం ముప్పావుగంట ఉండేలా.

అక్కడికి చిత్తూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కూతురి పురిటికి వచ్చి, మనవడి కోసం ఉండిపోయారు. నడుం పట్టేసింది, కుడి తుంటి లాగేస్తోంది. రాగానే "పుత్తూరులో కట్టినట్టు కట్టు కడతావామ్మా?" అని అడిగారు. విరిగిన ఎముకకి కట్టే పని నాది కాదు ఆంటీ అని చెప్పి, పొద్దున లేచిన దగ్గర నుంచి ఏం చేస్తారో వరసగా చెప్పమన్నాను. బాబుకి స్నానం బాత్‌రూమ్ టబ్‌లో. అంటే గచ్చు మీద మోకాళ్ళేసి, టబ్ గోడ మీదుగా ముందుకి వంగి, ఒక చేత్తో తడి పిల్లాణ్ణి పట్టుకుని. తర్వాత వాణ్ణి ఎప్పుడూ కుడి తుంటి మీదే ఎక్కించుకుని మెట్లెక్కడం, దిగడం. రాత్రి గెస్ట్ రూమ్‌లో లోతుగా కుంగిపోయే పరుపు. ఊళ్ళో రోజూ గుడి దాకా నడిచే మనిషి, ఇక్కడ రోడ్డు మీద ఒక్క మనిషీ కనబడడని నడకే మానేశారు. షుగరు మాత్రలు ఇండియా నుంచి తెచ్చుకున్నవి అయిపోతాయని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట, ఆ మాట కూతురికి కూడా తెలియదు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి సాధారణంగా కవరేజీ ఉండదు, అందుకని డాక్టర్ దగ్గరికి పోదామని ఎవరూ అనలేదు.

ఇందులో నా చేతులతో చేసింది కొంచెమే. ఆ వయసుకి తగ్గట్టు మెత్తగా నడుం కదిలించడం, తుంటికి రెండు వ్యాయామాలు. మిగతాదంతా ఇంట్లో జరిగింది. స్నానం వంటింటి గట్టు మీదికి మారింది, చిన్న ప్లాస్టిక్ టబ్‌లో, ఆవిడ నిలబడి చేసేలా. పరుపు మార్చారు. అదే వీధిలో ఉన్న ఇంకో తెలుగావిడతో సాయంత్రం నడక కుదిరింది. తక్కువ ఫీజు తీసుకునే కమ్యూనిటీ క్లినిక్‌కి పంపితే మాత్రలు దొరికాయి. నొప్పి తగ్గింది, నన్ను అడిగితే నడకా, మాట్లాడే తోడూ ఎక్కువ పని చేశాయంటాను. జార్జ్ ఎంగెల్ అనే డాక్టరు 1977లోనే శరీరం, మనసు, చుట్టూ ఉన్న పరిస్థితులు మూడూ కలిపి చూడాలని రాశారు, మీకు సిలబస్‌లో ఒక పేరాగా వచ్చి ఉంటుంది. ఆంటీ లాంటివాళ్ళ ఎదురుగా కూర్చుంటే ఆ పేరా ఏమిటో తెలుస్తుంది.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా నిద్ర, మందులు, పని, తిండి అన్నీ అడుగుతాను. సయాటికా (నడుం నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి) అనుకుని అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లతో వచ్చేవాళ్ళలో ఏళ్ళ తరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్న శాకాహారులు ఉంటారు. ఆ మందు ఒంట్లో విటమిన్ బి12 తగ్గించగలదు, కాబట్టి ఎన్ని సిట్టింగ్‌లు చేసినా లాభం ఉండకపోవచ్చు, వాళ్ళ డాక్టరుకి లెటర్ రాసి రక్తపరీక్ష చేయించమంటాను. అలాగే ఒకాయన నడుం నొప్పితో వచ్చి, కూర్చునే చోట స్పర్శ తెలియడం లేదు, మూత్రం సరిగ్గా రావడం లేదు అన్నారు. టేబుల్ మీద పడుకోబెట్టనే లేదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పంపాను. వెన్ను కింది నరాల కట్ట నొక్కుకుపోతే గంటలు కూడా లెక్కే. మెడ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉంటాను. మెడ సర్దిన తర్వాత రక్తనాళం చీరి పక్షవాతం వచ్చిన కేసులు అరుదైనా ఉన్నాయి, కొత్తరకం మెడనొప్పి, దానితో తలతిరుగుడు ఉంటే నేను చెయ్యి వెయ్యను.

ఆ టక్ శబ్దం గురించి కూడా అడిగారు. కీలులోని ద్రవంలో ఒత్తిడి తగ్గి, వాయువు బుడగ ఏర్పడటం వల్ల వచ్చేది అది, ఎముక సర్దుకున్న చప్పుడు కాదు. శబ్దం లేకుండా కూడా పని జరుగుతుంది. నడుం నొప్పికి మందులకంటే ముందు ఇలాంటి చికిత్సలు ప్రయత్నించవచ్చని 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం చెప్పింది. కానీ ఆ జాబితాలో స్పైనల్ మానిప్యులేషన్‌తో (వెన్నుని చేత్తో సర్దడంతో) పాటు వేడి కాపడం, మసాజ్, వ్యాయామం, యోగా కూడా ఉన్నాయి. అది కాస్త శ్రద్ధగా చదవండి.

సప్లిమెంట్ల క్లినిక్‌లని పట్టుకోవడం కష్టం కాదు. మొదటి రోజే డబ్బాలు చేతిలో పెడతారు, పెద్ద ప్యాకేజీ కట్టమంటారు, మీ డాక్టరు ఎవరని మాత్రం అడగరు. అప్లికేషన్ పెట్టే ముందు వీలైతే రెండు రకాల చోట్లా కొన్నాళ్ళు పక్కన నిలబడి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకొకటి. ఇండియా తిరిగి వచ్చి ప్రాక్టీస్ చేయాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా మీ ఫిజియోథెరపీ రిజిస్ట్రేషన్ వదులుకోకండి. ఇక్కడిలాగా రాష్ట్రానికో కైరోప్రాక్టిక్ బోర్డు ఉండే పద్ధతి అక్కడ లేదు, ఫిజియోథెరపీకైతే 2021 చట్టం ఉంది. మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ గంటలు ఎన్ని ఉన్నాయో కామెంట్‌లో పెడితే ఏ క్రెడిట్లు తక్కువ పడతాయో చూసి చెప్తాను.