జీన్ రిపోర్టు చదవడం ఆరు నెలల్లో వచ్చే పనేనా?

ప్రశ్న: మా పెద్దమ్మాయి కొడుక్కి మూడేళ్లు. మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే జీన్ టెస్ట్ చేసి, బీటీకే జన్యువులో లోపం ఉంది, ఎక్స్‌ఎల్‌ఏ అన్నారు. చిన్నమ్మాయి బీఎస్సీ జెనెటిక్స్ ఫైనలియర్. ఆరు నెలల ఆన్‌లైన్ జీనోమిక్స్ కోర్సు మేలా, ఎమ్మెస్సీ మేలా? తనకు సంబంధాలు చూస్తున్నాం. బాబు జబ్బేమిటో తనకింకా చెప్పలేదు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అసలు టెన్షన్ చివరి రెండు వాక్యాల్లో ఉందండీ. ముందు దాని సంగతి చూద్దాం. ఎక్స్‌ఎల్‌ఏ అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు ఒంట్లో తయారుకాని పుట్టు జబ్బు. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి అది తల్లి నుంచే వస్తుంది. అందుకే ఈ జబ్బు బారిన పడేది దాదాపుగా మగపిల్లలే. చిన్నమ్మాయి క్యారియర్ అయినా, అంటే లోపమున్న జన్యువు తనలో ఉన్నా, ఆరోగ్యంగానే ఉంటుంది. తనకు పుట్టే మగపిల్లల విషయంలోనే జాగ్రత్త. ముందు పెద్దమ్మాయికి టెస్ట్ చేయించండి. బాబులో దొరికిన ఆ ఒక్క మార్పు ఆమెలో ఉందో లేదో చూస్తే చాలు. లేకపోతే చెల్లెలి గురించి బెంగ దాదాపు అక్కర్లేదు. ఉంటే, తను టెస్ట్ చేయించుకోవాలా వద్దా అన్నది తన ఇష్టం. అయినా జెనెటిక్స్ చదివే పిల్ల దగ్గర ఈ విషయం దాచడం ఏమిటండీ? బాబుకి మూడు నాలుగు వారాలకోసారి ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీలు) ఎక్కిస్తుంటే సొంత పిన్నికి ఎన్నాళ్లు తెలియకుండా ఉంటుంది? పెళ్లయ్యాక తెలిస్తే మిమ్మల్ని క్షమిస్తుందా?

ఇక కోర్సు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ నడపడం నేర్పుతారు. సాఫ్ట్‌వేర్ మార్పును చూపిస్తుంది, జబ్బుకి అదే కారణమని తేల్చదు. బ్రూటన్ అనే అమెరికన్ డాక్టర్ 1952లో ఈ ఎక్స్‌ఎల్‌ఏ జబ్బును గుర్తించారు, జన్యువు దొరికింది 1993లో. అన్నేళ్లూ పట్టుకున్నది రక్తపరీక్షలే. ఇప్పటికీ పిల్లాడి నోరు తెరిపించి టార్చి వేస్తే టాన్సిల్స్ ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. రక్తకణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష గ్రాఫులో, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల చుక్కలు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. సీజీడీ అనే ఇంకో రోగనిరోధక లోపం జబ్బుంది. దానికి కారణమయ్యే ఎన్‌సీఎఫ్1 జన్యువుకి పక్కనే అచ్చం అలాగే ఉండే, పనిచెయ్యని నకళ్లున్నాయి. మామూలు సీక్వెన్సింగ్ వాటిని విడదీయలేక తడబడుతుంది. జీన్ రిపోర్టు నార్మల్ అని వచ్చినా, డీహెచ్ఆర్ అనే రక్తపరీక్షలో జబ్బు బయటపడుతుంది. ల్యాబ్‌లో నిలబడని వాళ్లకి ఇది అలవాటు కాదు.

అందుకే ఎమ్మెస్సీయే చదివించండి. ప్రాజెక్టుకి హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన సంస్థ), నిమ్స్ ఆసుపత్రి జెనెటిక్స్ విభాగం, ఈ రోగనిరోధక లోపం జబ్బుల మీదే అయితే ముంబై ఎన్ఐఐహెచ్ పరిశోధన సంస్థ, చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి ప్రయత్నించమనండి. మొదట్లో జీతాలు తక్కువే, అది దాచను.

ఈ ఆదివారం అక్కాచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెట్టి, బాబు రిపోర్టు చిన్నమ్మాయి చేతికివ్వండి. బాబుకి జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చిందన్న మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వకండి.