కారు – మీ ప్రశ్నలు: ముందు అద్దం బిల్లులో కెమెరా లెక్క

ప్రశ్న: రణస్థలం దగ్గర టిప్పర్ నుంచి కంకర రాయి ఎగిరి మా కారు ముందు అద్దానికి తగిలింది. చిన్న దెబ్బే, రెండు రోజుల్లో జానెడు పగులైంది. షోరూమ్ ఎస్టిమేట్‌లో అద్దం ధర కాక ‘క్యాలిబ్రేషన్’ అని ఇంకో మొత్తం వేశారు. బయట అద్దాల షాపులో వేయిస్తే చాలా మిగులుతుందంటున్నారు. వేయించమంటారా? – ఒక పాఠకుడు, ఎచ్చెర్ల

జవాబు: జానెడు పగులంటే అద్దం మార్చాల్సిందే. దెబ్బ రూపాయి బిళ్ల కంటే చిన్నదిగా, అంచుకు దూరంగా, డ్రైవరు చూపుకూ కెమెరాకూ ఎదురుగా కాకుండా ఉన్నప్పుడే రెజిన్ అనే గట్టిపడే జిగురు నింపి ఆపగలం. అందాకా దాని మీద పారదర్శక టేపు అంటించి దుమ్ము, నీళ్లు దిగకుండా చూడాలి. ఎండకు కాగిన అద్దం మీదికి ఏసీ చల్లగాలి వదిలితే పగులు పాకుతుంది. చాలామంది చేసే పొరపాటు అదే.

ఇక ఆ రెండో మొత్తం, అంటే కెమెరా చూపును సరిచేసే క్యాలిబ్రేషన్. వెనక బండ్లు చూసుకునే లోపలి చిన్న అద్దం వెనక, లేను గీతలనూ ముందున్న బండ్లనూ చూసే కెమెరా ఉంటే అది దండగ ఖర్చు కాదు. కెమెరా కూర్చునే బ్రాకెట్ అద్దానికే అతికి ఉంటుంది. అద్దం మారితే దాని కోణం పిసరంత మారుతుంది. ఒక్క డిగ్రీ తేడా 100 మీటర్ల దూరంలో దాదాపు 1.75 మీటర్లు అవుతుంది. హైవే మీద ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు, అంటే సగం లేను తప్పు! పక్క లేనులో పోతున్న లారీ మీ ఎదురుగానే ఉందనుకుని బండి తనంతట తనే బ్రేకు వేయొచ్చు, లేదా ఎదురుగా ఉన్నదాన్ని వదిలేయొచ్చు. డాష్‌బోర్డులో లైటు వెలగలేదు కదా అని నమ్మకండి. కోణం కొద్దిగా తప్పినంత మాత్రాన ప్రతి కారూ చెప్పదు.

క్యాలిబ్రేషన్ రెండు రకాలు. మొదటిది షెడ్డులో చేసేది. నేల సమతలంగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డిక్కీ ఖాళీ చేయాలి. కంపెనీ చెప్పిన దూరంలో, ఎత్తులో గుర్తుల బోర్డు నిలబెట్టి స్కానర్‌తో కెమెరాను సరిచేస్తారు. రెండోది స్కానర్ తగిలించి రోడ్డు మీద నడిపేది. దానికి గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు, నిలకడైన వేగం కావాలి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టూ తిరిగితే అవదు, 16వ నంబరు హైవే ఎక్కాలి. జోరు వానలో గీతలు కనబడక మధ్యలోనే ఆగిపోతుంది. కొన్ని మోడళ్లకు రెండూ చేయాలి.

బయటి షాపు వద్దనను. కెమెరా లేని కారైతే నిక్షేపంగా వేయించుకోండి. ఉంటే మాత్రం ముందే అడగండి: అద్దానికి కెమెరా బ్రాకెట్, వాన సెన్సర్ చోటు మీ మోడల్‌వేనా? మీ కారుకు క్యాలిబ్రేషన్ చేసే స్కానర్ ఉందా? పని ముగిశాక రిపోర్టు ప్రింటు ఇస్తారా? అద్దం అక్కడ, క్యాలిబ్రేషన్ షోరూమ్‌లో అనుకుంటే బయటి అద్దానికి షోరూమ్ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి. గమ్ము ఆరేదాకా బండి కదపకూడదు. ఎన్ని గంటలన్నది గమ్ము రకాన్ని బట్టి ఉంటుంది, ఫిట్టరును అడగాలి. ఆ తర్వాత ఒక రోజు ప్రెషర్ వాష్ వద్దు. పాత అద్దంతో ఫాస్టాగ్ కూడా పోతుంది. కొత్తది ముందే తెప్పించుకోకపోతే టోల్ గేటు దగ్గర అదనంగా కట్టాలి. అంటించేటప్పుడు కెమెరాకు అడ్డం రానివ్వకండి.

ఇక బీమా క్లెయిమ్ సంగతి. అద్దానికి తరుగుదల కోత లేదు. 1500 సీసీ దాకా కార్లకు 1,000, ఆపైన 2,000 రూపాయలు మీరు భరించాలి. అసలు నష్టం, క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్‌లో ఉంది. 50 శాతం బోనస్ ఉన్నవారు క్లెయిమ్ చేస్తే సున్నాకు దిగి, ఏటా 20, 25, 35, 45 మెట్లెక్కి మళ్లీ 50కి రావాలి. ఈలోగా పోయేది ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో మొత్తం 125 శాతం. ఆ ప్రీమియం ఏటా 16,000 అనుకుంటే 20,000 రూపాయలు. బిల్లు అంతకు దగ్గర్లో ఉంటే జేబులోంచి కట్టుకోవడమే మేలు. బోనస్ కాపాడే యాడ్‌ఆన్ ఉందేమో పాలసీలో చూడండి. క్లెయిమే చేయదలిస్తే పాత అద్దం ఊడదీయక ముందే బీమా కంపెనీకి చెప్పాలి.

ప్రశ్న: ముందు బంపర్‌కు గీతలు పడితే టింకరింగ్ షెడ్డులో పుట్టీ పెట్టించి రంగు వేయించాం. అప్పటి నుంచి ‘రాడార్ అందుబాటులో లేదు’ అని వస్తోంది. రాడార్ మార్చాలంటున్నారు. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తొందరపడి మార్చకండమ్మా. ముందున్న బండి దూరం కొలిచే ఈ రాడార్లు సాధారణంగా 77 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, అంటే తరంగం పొడవు 4 మిల్లీమీటర్ల లోపే. దాని ముందు మందంగా పుట్టీ ఉన్నా, లోహపు పొడి కలిసిన రంగు పొరలు పొరలుగా ఉన్నా తరంగం దారి తప్పుతుంది. ముందుగా స్కానర్‌తో కోడ్ చదివించండి. ‘యు’ అక్షరంతో మొదలైతే సమాచారం అందడం లేదని అర్థం. ముందుగా వైరింగు, కనెక్టరు చూడాలి. బంపర్ విప్పినప్పుడు ప్లగ్గు సరిగా కూర్చోలేదేమో, ఎలుకలు వైరు కొరికాయేమో. అది కాకపోతే బ్రాకెట్ వంగిందేమో చూడాలి. అదీ కాకపోతే రాడార్ ముందున్న మేర పుట్టీ తీయించి, కంపెనీ చెప్పిన మందంలో రంగు వేయించి, క్యాలిబ్రేషన్ చేయించండి. మీ పాలసీలో జీరో డిప్ (తరుగుదల కోత లేకుండా చేసే యాడ్‌ఆన్) లేకపోతే, కొత్త బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగమే వస్తుంది.

కొన్ని కార్లలో రాడార్ లోగో వెనకే ఉంటుంది. బండి పూజప్పుడు లోగోకు పట్టించిన పసుపు, వేలాడదీసిన దండ కూడా ఇదే హెచ్చరిక తెప్పిస్తాయి. పూజ అయ్యాక తుడిచేస్తే సరి.

ప్రశ్న: రివర్స్ సెన్సర్లు ఊరికే మోగుతున్నాయి. నాలుగూ మార్చాలా? – ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి రివర్స్ గేరులో పెట్టండి. ఒక్కో సెన్సర్ మీద వేలు ఆనిస్తే పనిచేసేదాంట్లో సన్నగా టిక్ టిక్‌మని అదురు తెలుస్తుంది. అదురు లేనిదాన్ని పక్కదాంతో తారుమారు చేయించండి. లోపం సెన్సర్‌తోపాటు జరిగితే ఆ ఒక్కటే మార్చాలి, జరగకపోతే వైరు. అంతకంటే ముందు బురద తుడిచి చూడండి.

ప్రశ్న: ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బిగించే చెవి విరిగింది. యూనిట్ మొత్తం మార్చాలన్నారు. – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: లోపల నీటి చుక్కలు నిలవకుండా, అద్దం పగలకుండా ఉంటే చెవిని ప్లాస్టిక్ వెల్డింగ్‌తో అతికించవచ్చు. కొన్ని మోడళ్లకు చెవుల కిట్ విడిగా దొరుకుతుంది. పార్టు నంబరు చెప్పి అడగండి. బిగించాక గోడ మీద కాంతి ఎత్తు సరిచూపించుకోవాలి. కడిగాక పట్టే పలచటి ఆవిరి లైటు వేస్తే పోతుంది, దానికి కంగారు వద్దు.