'మిస్టరీ రోడ్' ఒకరికి అద్భుతం, ఇంకొకరికి నిద్రమాత్ర: ఎందుకిలా?

అడిగిన ప్రశ్న ఇదీ: 2013 నాటి ఆస్ట్రేలియా క్రైమ్ సినిమా 'మిస్టరీ రోడ్'ని నలుగురు కలిసి చూశారు. ఇద్దరికి తెగ నచ్చింది, ఇద్దరు సగంలో లేచి వెళ్లిపోయారు. చివర్లో కాల్పులు బాగున్నాయి కానీ కేసు ఏమైందో తేలలేదు. ఇది తక్కువ బడ్జెట్ వల్ల వచ్చిన లోపమా? దీని తర్వాతివి చూడొచ్చా?

బడ్జెట్ వల్ల వచ్చిన లోపాలు కొన్ని ఉన్నాయి. కానీ జనం లోపం అనుకునేవాటిలో ఎక్కువ భాగం దర్శకుడు కావాలని చేసినవే. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే అభిప్రాయాలు ఇంత తేడాగా ఉన్నాయి. ఇక్కడినుంచి కథ వివరాల్లోకి వెళ్తున్నాను, సినిమా చూడనివాళ్లు గమనించగలరు.

అందరూ ముందు అనేది 'స్లో' అని. నిడివి 2 గంటల 1 నిమిషం. అందులో చాలా భాగం డిటెక్టివ్ జే స్వాన్ (ఆరన్ పెడర్సన్) కారెక్కి ఒక్కో ఇంటికి వెళ్లడం, ప్రశ్న అడగడం, అవతలివాళ్లు నీళ్లు నమలడం. అతను ఆదివాసీ. సిటీలో పనిచేసి సొంత ఊరికి తిరిగొచ్చిన పోలీసు. స్టేషన్లో తెల్లవాళ్లు అతన్ని తమవాడనుకోరు, ఊళ్లో ఆదివాసీలు పోలీసు అని దూరం పెడతారు. రెంటికీ చెడ్డ రేవడి. చనిపోయింది జూలీ అనే ఆదివాసీ అమ్మాయి. ఆ కేసుకి సాయంగా మనుషుల్ని ఇవ్వమంటే పైఅధికారి దగ్గర ఎప్పుడూ ఏదో ఒక సాకు ఉంటుంది. కాబట్టి 'సమాచారం ఏం బయటపడింది' అని చూస్తే ప్రతి సీనూ ఖాళీగానే కనబడుతుంది. 'ఎవరు ఏ ప్రశ్నకి మాట దాటేశారు' అని చూస్తే మాత్రం కథ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. నచ్చినవాళ్లు రెండోదాన్ని పట్టుకున్నారు.

మొదటి సీన్ మళ్లీ చూడండి. రాత్రి, హైవే మీద లారీ ఆగుతుంది. డ్రైవర్ దిగి టైర్లు చూసుకుంటాడు. ఎక్కడో కుక్క అరుస్తుంది. టార్చి పట్టుకుని వంతెన కిందికి దిగుతాడు. సంగీతం లేదు, ఉలిక్కిపడేలా చేసే చప్పుడూ లేదు. ఆ వాగు పేరు 'మాసకర్ క్రీక్', అంటే ఊచకోత వాగు. ఇక్కడే చాలామంది రెండు ఆధారాలు వదిలేస్తారు, లారీలూ కుక్కలూ. శవం మీది కుక్కకాట్ల ప్రస్తావన తర్వాత వస్తుంది. హైవే లారీ డ్రైవర్లకీ ఊళ్లో అమ్మాయిలకీ మధ్య ఏం నడుస్తోందన్నది ఇంకా తర్వాత. మొదటి ఐదు నిమిషాల్లో ఫోన్ చూస్తే ఈ రెండూ పోతాయి.

కేసు తేలలేదన్న ఫిర్యాదులో సగం నిజముంది. సినిమాలో నాలుగు దారాలు ఉన్నాయి: జూలీ హత్య, ఊళ్లో మత్తుమందుల వ్యాపారం, హత్యకు గురైన పోలీసు బాబీ, డ్రగ్స్ విభాగం అధికారి జానో (హ్యూగో వీవింగ్) ఇన్ఫార్మర్‌తో నడిపే లావాదేవీ. మొదటి రెండూ తెరమీద బాగానే కనబడతాయి. బాబీ సంగతి మాత్రం కొద్ది మాటల్లో, అదీ తక్కువ గొంతుతో వెళ్లిపోతుంది. అది దాటిపోతే చివర్లో ఎవరు ఎవరిమీద ఎందుకు కాలుస్తున్నారో అర్థం కాదు. ఇది నిజంగా లోపమే. ఇవాన్ సెన్ ఈ సినిమాకి రచన, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సంగీతం అన్నీ తానే చేశాడు. చిన్న సినిమాకి దీనివల్ల డబ్బు మిగులుతుంది, ఫ్రేములన్నీ ఒకే చూపుతో ఉంటాయి. కానీ రాసినవాడే ఎడిట్ చేస్తే, తన బుర్రలో స్పష్టంగా ఉన్న లింకు ప్రేక్షకుడికి అందలేదని గుర్తుపట్టడం కష్టం. బయటి ఎడిటర్ ఉండుంటే బాబీ భార్యతో సీనుకి ఇంకో రెండు మాటలు అడిగేవాడని నా నమ్మకం.

జానో విషయం వేరు. అతను మంచివాడా చెడ్డవాడా అన్నది చివరిదాకా తేలనివ్వకపోవడం పొరపాటు కాదు. జే కూడా ఆ మాట తేల్చుకోలేకుండానే అతనితో వ్యవహరించాల్సి వస్తుంది, ఉత్కంఠ అక్కడే ఉంది.

కాల్పుల సీను అందరికీ ఎందుకు నచ్చుతుందో గమనించారా? అది స్లాటర్ హిల్ దగ్గర, ఆరుబయట, పట్టపగలు జరుగుతుంది. టెలిస్కోప్ అమర్చిన వేట తుపాకులతో చాలా దూరం నుంచి గురిచూసి కాలుస్తారు. ఒక్కో గుండుకీ మధ్య ఎదురుచూపు ఉంటుంది, గురి తప్పుతుంది, మళ్లీ లోడ్ చేసుకోవాలి. ఖరీదైన గ్రాఫిక్స్ ఏమీ అక్కర్లేని సీను, కావాల్సిందల్లా ఖాళీ నేల, ఎవరు ఎక్కడున్నారో తెలిసేలా పెట్టిన కెమెరా. అంతకుముందు సినిమా అంతా విశాలమైన షాట్లకు మన కళ్లను అలవాటు చేసింది కాబట్టే ఇక్కడ దూరాలు మనకి అర్థమవుతాయి. సోది అని కొట్టేసిన భాగమే ఈ సీనుకి పునాది. సినిమాని 1.25 స్పీడులో చూసేవాళ్లకి ఈ సీను చప్పగా ఉంటుంది.

తెలుగువాళ్లకి అందని ఇంకో పొర చరిత్ర. ఊచకోత వాగు లాంటి పేర్లు గాల్లోంచి పుట్టలేదు. 1838లో న్యూ సౌత్ వేల్స్‌లోని మయాల్ క్రీక్ దగ్గర కనీసం 28 మంది ఆదివాసీలను చంపేశారు. ఆ కేసులో ఏడుగురు వలసదారులకి ఉరి పడింది. అలా శిక్ష పడటం ఆ రోజుల్లో అరుదు. చనిపోయినవాళ్లు గమిలరాయ్ జనానికి చెందిన తెగవాళ్లు, ఇవాన్ సెన్ తల్లిది కూడా గమిలరాయ్ మూలమే. ఇక క్వీన్స్‌లాండ్‌లో 19వ శతాబ్దంలో తెల్ల అధికారుల కింద ఆదివాసీ సిపాయిలతో 'నేటివ్ పోలీస్' దళాలు నడిచాయి. ఆదివాసీలనే చంపడానికి వాళ్లని వాడుకున్నారు. జే యూనిఫాం వేసుకోకపోయినా సొంతవాళ్లే అతన్ని అనుమానంగా చూడటం వెనుక ఇంత ఉంది. దగ్గరి కాలానికి వస్తే, 1990-91లో బౌరావిల్ అనే ఊళ్లో ఐదు నెలల్లో ముగ్గురు ఆదివాసీ పిల్లలు హతమయ్యారు. ఆ ఊరు ఔట్‌బ్యాక్‌లో (ఆస్ట్రేలియా లోపలి మారుమూల ప్రాంతంలో) లేదు, తీరప్రాంతానికి దగ్గర. ఈ హత్యలకు ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. ఇది తెలిసిన ప్రేక్షకుడికి, కేసుని ఎవరూ పట్టించుకోకపోవడం కథలో కనబడగానే కడుపులో తిప్పుతుంది. తెలియనివాళ్లకి అది స్క్రీన్‌ప్లే బద్ధకంలా కనబడుతుంది.

మళ్లీ చూడాలనుకుంటే కొన్ని సెట్టింగులు మార్చండి. సబ్‌టైటిల్స్ తప్పనిసరి. యాసతో పాటు మాటలు కూడా గొణుగుడులా ఉంటాయి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం ఇచ్చే ఇంగ్లిష్ ట్రాక్ దొరికితే అదే పెట్టుకోండి, కుక్క అరుపులాంటి శబ్దాలు కూడా రాసి ఉంటాయి. విడి స్పీకర్లు లేకుండా టీవీ స్పీకర్లతోనే చూస్తుంటే ఆడియోని 5.1 (ఆరు ఛానెళ్ల సరౌండ్ సౌండ్) నుంచి స్టీరియోకి మార్చండి. 5.1లో మాటలు దాదాపు అన్నీ మధ్య ఛానెల్లో ఉంటాయి, టీవీ దాన్ని రెండు స్పీకర్లకి కుదించేటప్పుడు చాలాసార్లు గొంతులు అణిగిపోతాయి. వాల్యూమ్ పెంచితే గొంతుతో పాటు తుపాకీ చప్పుడు కూడా పెరిగి పక్కింటివాళ్లు లేస్తారు. పిక్చర్ మోడ్‌ని 'వివిడ్' నుంచి 'సినిమా'కి మార్చి, మోషన్ స్మూతింగ్ (కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే సెట్టింగు), ఎకో మోడ్ రెండూ ఆపేయండి. ఎకో మోడ్ తెరని మసక చేస్తుంది, రాత్రి సీన్లలో మొహాలు కనబడవు. ఫోన్లో మాత్రం వద్దు, విశాలమైన షాట్లో మనిషి చుక్కంత అయిపోతాడు.

తర్వాతివి చూడొచ్చా అంటే, ఎవరికి ఏది అన్నది ముఖ్యం. 'గోల్డ్‌స్టోన్' (2016) నేరుగా దీనికి కొనసాగింపు. జే బాగా దిగజారిన స్థితిలో ఒక గని ఊరికి వస్తాడు, కేసు ఒక చైనా యువతి గురించి. కథ ఇందులో సూటిగా ఉంటుంది, విలన్లు మాత్రం కాస్త బొమ్మల్లా ఉన్నారు. ఇష్టపడ్డ ఇద్దరికీ ఇదే చెప్పండి. ఇంకా ఓపిక ఉంటే సెన్ తీసిన వేరే కథ 'లింబో' (2023). నలుపు తెలుపు, 1 గంట 48 నిమిషాలు. అడిలైడ్‌కి ఉత్తరాన సుమారు 850 కి.మీ. దూరంలో, ఎండ తట్టుకోలేక జనం భూమి లోపల ఇళ్లు తవ్వుకుని ఉండే కూబర్ పీడీ అనే ఓపల్ రత్నాల గనుల ఊళ్లో తీశారు. 20 ఏళ్ల నాటి పాత కేసు తిరగేయడానికి వచ్చిన పోలీసు కథ. కేసు తేలకపోవడం మీద అభ్యంతరం ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు, అందులో కాల్పుల సీను ఊరట కూడా లేదు. నా లెక్కలో సెన్ తీసిన క్రైమ్ సినిమాల్లో అదే గొప్పది. ఒక నేరం తర్వాత మిగిలిపోయిన కుటుంబం ఎలా ముక్కలవుతుందో అంత నిదానంగా, అంత దగ్గరగా చూపించింది అదొక్కటే.

లేచి వెళ్లిపోయిన ఇద్దరికీ మాత్రం సినిమాలు వద్దు, 2018లో వచ్చిన టీవీ సిరీస్ మొదటి సీజన్ పెట్టండి. పేరు అదే, హీరో అదే, ఆరు ఎపిసోడ్లు. దర్శకురాలు రేచల్ పెర్కిన్స్, లొకేషన్ వాయవ్య ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతం. పక్కన జూడీ డేవిస్ సీనియర్ పోలీసుగా ఉంటుంది కాబట్టి జే తన ఆలోచన పైకి చెప్పాల్సి వస్తుంది, ఆధారాలు ఎపిసోడుకి కొన్ని చొప్పున అందుతాయి. సినిమా సగమే చూసినా ఇబ్బంది లేదు, కథ కొత్తగా మొదలవుతుంది. రెండు ఎపిసోడ్లు అయ్యాక కూడా పట్టు దొరక్కపోతే ఆపేయొచ్చు, మిగతా నాలుగూ అదే నడకలో ఉంటాయి.