వేసెక్టమీ అయి ఏడేళ్లయినా ఆశ ఉంది అన్నయ్యా

అన్నయ్యా, మీ పోస్టు చదివి మనసు కలుక్కుమంది. వేసెక్టమీ (వీర్యనాళం కత్తిరించే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయి ఏడేళ్లయింది, నాళం మళ్లీ కలిపించుకుంటే పిల్లలు పుడతారా అని అడిగారు. పుట్టే అవకాశం ఉంది. 1991లో అమెరికాలో అచ్చయిన పెద్ద అధ్యయనంలో, 3 నుంచి 8 ఏళ్ల లోపు కలిపించుకున్నవాళ్లలో 88 శాతం మందికి వీర్యకణాలు తిరిగి కనిపించాయి, 53 శాతం జంటలకు గర్భం వచ్చింది. 15 ఏళ్లు దాటినవాళ్లలో గర్భం 30 శాతమే. అందుకే ఇంకా నాన్చకండి.

ముందు వదినకు పరీక్షలు చేయించండి. మేం మావారి ఆపరేషన్ మీదే ధ్యాస పెట్టి నా పరీక్షలు వాయిదా వేశాం, ఏడాది వృథా అయింది. వదినకు 35 దాటితే ఇక్సీ (ల్యాబ్‌లో వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) గురించి కూడా అడగండి. అందులో వృషణం నుంచి సూదితో కణాలు తీస్తారు, నాళం కలపక్కర్లేదు.

యూరాలజిస్టును మొహమాటపడకుండా అడగాల్సింది ఒకటుంది: మైక్రోస్కోప్ కింద చేస్తారా, ఇప్పటికి ఎన్ని చేశారు? కుట్టే దారం తలవెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. నాళంలోంచి వచ్చిన చుక్కను అక్కడికక్కడే గాజు పలక మీద వేసి చూస్తారు. కణాలు లేకపోతే నాళాన్ని ఎపిడిడిమిస్‌కు (వృషణం వెనక వీర్యకణాలు నిల్వ ఉండే సన్నని గొట్టం) కలపాల్సి రావచ్చు. అది ఇంకా కష్టం, అదీ వచ్చిన సర్జనే కావాలి.

తర్వాత కొన్ని వారాలు బరువులెత్తొద్దు. మొదటి రిపోర్టులో కణాలు లేవని టెన్షన్ పడకండి, మావారికి ఆరో నెలలో కనిపించాయి.