లోపల ఏం జరుగుతోందో కనిపించే ఏఐని గణితం మీద కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రతి జవాబుకీ లెక్క చూపించగల ఏజీఐని (మనిషి చేసే ఏ మేధోపనైనా చేయగల ఏఐని) మొదటి నుంచీ గణితంతోనే కట్టొచ్చా అని అడిగారు. అలాంటి పద్ధతి ఇవాళ ఎవరి దగ్గరా లేదు. కానీ ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ని పూర్తిగా విప్పి, అది వాడే సూత్రాన్ని కాగితం మీద పెట్టొచ్చు. ముందు అక్కడే చేయి తిరగాలి.

ఏఐ మోడళ్ల లోపలి పనితీరుని పరిశోధించే నీల్ నందా బృందం 2023లో విప్పి చూపిన లెక్క తీసుకోండి: రెండు సంఖ్యల మొత్తాన్ని 113తో భాగిస్తే శేషమెంత? ఒకే లేయర్ ట్రాన్స్‌ఫార్మర్ (భాషా మోడళ్లలో వాడే నెట్‌వర్క్ రకం), వెడల్పు 128, అటెన్షన్ హెడ్లు (ఇన్‌పుట్‌లో దేన్ని ఎంత చూడాలో తేల్చే భాగాలు) 4, న్యూరాన్లు 512, విలువల్ని ఒక స్థాయికి తెచ్చే లేయర్‌నార్మ్ వద్దు. 0 నుంచి 112 దాకా ఉన్న సంఖ్యల మొత్తం 12,769 జతల్లో 30 శాతం ట్రైనింగ్‌కి, అన్నీ ఒకే బ్యాచ్‌గా. వెయిట్లని సరిదిద్దే పద్ధతి ఆడమ్‌డబ్ల్యూ, లెర్నింగ్ రేట్ (ఒక్కో అడుగు సైజు) 0.001, వెయిట్ డికే (వెయిట్లు పెరగకుండా తగ్గించే ఒత్తిడి) 1.

ట్రైనింగ్ లాస్ (నేర్చుకున్న జతల్లో తప్పు ఎంతో చెప్పే కొలత) త్వరగానే పడిపోతుంది, చూడని జతల మీది టెస్ట్ లాస్ మాత్రం దిగదు. చాలామంది ఓవర్‌ఫిట్ (బట్టీపట్టడం) అనుకుని అక్కడే ఆపేస్తారు. ఆపకండి, వేల ఎపాక్‌ల (డేటా మొత్తాన్ని ఒకసారి చూడటం ఒక ఎపాక్) తర్వాత అదీ ఒక్కసారిగా దిగుతుంది. వెయిట్ డికే మరీ తగ్గిస్తే ఆ దిగడం చాలా ఆలస్యమవుతుంది, లేదా అసలు రాకపోవచ్చు. లాస్‌ని 64 బిట్లలో లెక్కించండి. 32 బిట్లలో అతి చిన్న విలువల దగ్గర రౌండింగ్ వల్ల గ్రాఫ్ ఎగిరిపడుతుంది.

ఇప్పుడు ఎంబెడింగ్ మాత్రికకి (ఒక్కో సంఖ్యకీ నెట్‌వర్క్ ఇచ్చుకున్న విలువల పట్టికకి) సంఖ్యల వైపు నుంచి ఫోరియర్ పరివర్తన చేయండి, అంటే ఆ విలువల్ని తరంగాలుగా విడగొట్టండి. బలమంతా కొద్ది పౌనఃపున్యాల దగ్గరే ఉంటుంది. నెట్‌వర్క్ సంఖ్యల్ని గడియారం ముల్లులా కోణాలుగా మార్చుకుని, ఇంటర్‌లో చదివిన సంయుక్త కోణాల సూత్రాలతో కూడుతోందన్నమాట. ఎవరూ నేర్పకుండానే! ఒక్క పౌనఃపున్యమే ఉంటే సరైన జవాబుకీ, దాదాపు అదే స్కోరు వచ్చే మిగతా కొన్నిటికీ తేడా చాలా తక్కువ. నాలుగైదు కలిస్తేనే సరైనది విడిగా నిలబడుతుంది.

అందమైన గ్రాఫ్ చూసి అర్థమైపోయిందనుకోవద్దు. ఆ పౌనఃపున్యాల్ని నెట్‌వర్క్ జవాబులకిచ్చే స్కోర్లలోంచి తీసేస్తే లాస్ పెరగాలి. అవి ఉంచి మిగతావి తీసేస్తే పని చెడకూడదు. రెండు పరీక్షలూ కావాలి. సీడ్ (మొదటి యాదృచ్ఛిక విలువల్ని నిర్ణయించే సంఖ్య) మారిస్తే పౌనఃపున్యాలు మారతాయి, అది తప్పు కాదు. అసలు చిక్కు వేరే ఉంది: అటెన్షన్ ఇన్‌పుట్‌లోని అన్నిటి మీదా సమానంగా ఉండేలా మారిస్తే ఇదే లెక్కకి నెట్‌వర్క్ మరో పద్ధతి పట్టుకోగలదని 2023లోనే ఇంకో బృందం చూపింది. దానికి ‘పిజ్జా’ అని పేరు పెట్టారు. కాబట్టి జవాబులు సరిగ్గా ఉన్నాయని లోపలి పద్ధతిని ఊహించకూడదు.

పెద్ద భాషా మోడళ్లలో ఒకే న్యూరాన్ పొంతనలేని ఎన్నో విషయాలకి స్పందిస్తుంది. వాటిని విడదీయడానికి స్పార్స్ ఆటోఎన్‌కోడర్లు (మోడల్ లోపలి విలువల్ని ఒక్కోసారి కొన్నే పనిచేసే విడి లక్షణాలుగా విడగొట్టే నెట్‌వర్క్‌లు) వాడుతున్నారు, కానీ ఆ లక్షణాల నుంచి అసలు విలువల్ని తిరిగి కట్టినప్పుడు కొంత సమాచారం పోతుంది. ఆ పోయిన భాగంలో ఏముందో చూడకుండా ‘పారదర్శకం’ అనే మాట నేనైతే వాడను. దీని తర్వాత అటెన్షన్ మాత్రమే ఉన్న రెండు లేయర్ల మోడల్ తీసుకుని, అందులో ఇండక్షన్ హెడ్లు (ముందు వచ్చిన వరస మళ్లీ కనిపిస్తే దాని తర్వాతి పదాన్ని ఊహించే హెడ్లు) వెతకండి.