నడుం నొప్పి గురించి అమ్మలూకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

"పెద్దమ్మా, ఈ మైండ్‌ఫుల్‌నెస్ చేస్తే నా నడుం నొప్పి పోతుందా?" అని ఫోన్‌లో అడిగావు. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఒంట్లో, మనసులో ఇప్పుడు ఏం జరుగుతోందో, దాన్ని మార్చాలని చూడకుండా గమనించే ధ్యానం. పోతుందని నేను మాట ఇవ్వను. నొప్పి ఉన్నా దాని వల్ల నువ్వు పడుతున్న బాధ తగ్గొచ్చు. కొందరికి నొప్పి కూడా కొంత దిగుతుంది. నొప్పి, బాధ ఒకటి కాదని నీకు అనుభవంలోకి రావాలి. అది ఫోన్‌లో చెబితే వచ్చేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు డాక్టరు సంగతి. నీ ఎమ్మారై చూసి భయపడాల్సిందేమీ లేదన్నారు కాబట్టే ఇదంతా చెబుతున్నాను. కాలు పట్టు తప్పుతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా కళ్ళు మూసుకుని కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు. కొత్తగా వచ్చిన ఛాతీ నొప్పికీ, కడుపు నొప్పికీ ఇదే మాట. మాత్రలు నీ అంతట నువ్వు మానకు. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామాలు అసలే మానకు.

నేను ఎక్కువ కాలం పనిచేసింది ఎముకల వార్డులో అని నీకు తెలుసు కదా. అక్కడ కట్లు మార్చే వేళకి ట్రాలీ చప్పుడు వినబడిందంటే చాలు, మంచం మీద మనిషి దవడ బిగుసుకునేది. ఒక చెయ్యి మంచం కడ్డీని పట్టుకునేది. ఊపిరి ఆగిపోయేది. అప్పటికి నేనింకా గాజుగుడ్డ ముట్టుకోను కూడా లేదు! "నాయనా, ముందు ఆ పిడికిలి వదులు. ఊపిరి మెల్లగా బయటికి వదులు. ఇప్పుడు నేను ఎక్కడ తాకుతున్నానో చెబుతూ ఉండు" అనేదాన్ని. గాయం అదే, కట్టు అదే. అయినా చాలామంది ఆ పది నిమిషాలు తేలిగ్గా గడిపేవారు. పుండు పెట్టే నొప్పి కొంతయితే, ఒళ్ళు బిగబట్టడం వల్ల వచ్చేది ఇంకొంత. "ఇక పొలం పనికి పనికిరానేమో, పిల్లల సంగతేంటి" అనే గుబులు పెట్టేది మరింత. మొదటిది మందులకి, కాలానికి వదిలేయాలి. మిగతా రెండింటి మీద మనం పనిచేయొచ్చు.

నీ నడుం విషయంలోనూ జరిగేది ఇదే. బాబుని ఎత్తుకోవడానికి వంగబోయేముందే నీ భుజాలు చెవుల దాకా లేస్తాయి. మొన్న పండక్కి వచ్చినప్పుడు చూశాను.

ఈ మైండ్‌ఫుల్‌నెస్‌ని ఆసుపత్రుల్లోకి తెచ్చిన మనిషి జాన్ కబాట్-జిన్. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో, మందులతో పూర్తిగా నయంకాని దీర్ఘకాలిక రోగులకి ఎనిమిది వారాల శిక్షణ మొదలుపెట్టాడు. 2016లో అమెరికాలోనే నీలాంటి దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 342 మంది మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. ఆరు నెలలయ్యాక చూస్తే, ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు 60 మందికి రోజువారీ పనులు చేసుకోవడం చెప్పుకోదగ్గంత సులువైంది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో అది 44 మంది. తేడా ఉంది, అలాగని అద్భుతమేమీ కాదు. ఆ మరుసటి ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా ఇలాంటి నడుం నొప్పికి మందుల కంటే ముందు చేసి చూడాల్సిన వాటిలో వ్యాయామంతో పాటు దీన్నీ చేర్చింది.

నాకు ఇంకా నచ్చింది 2011లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. పదిహేను మందికి నాలుగు రోజులు ధ్యానం నేర్పి, కాలి మీద వేడి తగిలించి చూశారు. నొప్పి తీవ్రత 40 శాతం తగ్గిందన్నారు. ఆ నొప్పి ఎంత ఇబ్బంది పెట్టింది అని విడిగా అడిగితే అది 57 శాతం తగ్గింది. నొప్పి కంటే దాని వల్ల కలిగే ఇబ్బందే ఎక్కువ తగ్గిందన్నమాట. వార్డులో నేను చూసిందీ అదే.

ఇక చేసే పద్ధతి. పొద్దున్నే బాబు లేవకముందు ఇరవై నిమిషాలు చాలు. చాప మీద బొంత పరుచుకుని వెల్లకిలా పడుకో, మోకాళ్ళ కింద దిండు పెట్టుకో. పద్మాసనం వేయాలన్న నియమం ఏమీ లేదు. అరిగిన నా మోకాళ్ళతో నేను కుర్చీలోనే చేస్తాను. ముందు కాసేపు ఊపిరి గమనించు, దాన్ని పొడుగు చేయాలని చూడకు. తర్వాత ఎడమ కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పాదం, మడమ, పిక్క, మోకాలు, తొడ, ఇలా ఒక్కో చోట ఆగుతూ పైకి రా. ఆ చోట ఏం తెలుస్తోంది? వెచ్చగా ఉందా, దుప్పటి తగులుతోందా, ఏమీ తెలియట్లేదా? తెలియకపోతే తెలియట్లేదనే గమనించు. కుడి కాలు కూడా అయ్యాక నడుం దగ్గరికి వస్తావు.

అక్కడ చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. గబగబా దాటేస్తారు, లేదా పళ్ళ బిగువున భరిస్తారు. నువ్వు నొప్పి మధ్యలోకి దూకకు, అంచు దగ్గర ఆగు. ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ అయిపోతోంది? అరచేయంత ఉందా, రూపాయి బిళ్ళంత ఉందా? "నడుం నొప్పి" అని గంపగుత్తగా అనుకోకుండా అది ఏ రకమో చూడు. సలుపుతోందా, లాగుతోందా, పోటు పెడుతోందా, మంటగా ఉందా, సూదులు గుచ్చుతున్నట్టుందా, ఊరికే బరువుగా ఉందా? ఒక ఊపిరి లోపలికి వెళ్ళి బయటికి వచ్చేసరికి అది మారిందా? నిదానంగా చూస్తే అది ఒకే తీరుగా ఉండదు. కాసేపు ఎక్కువవుతుంది, కాసేపు పల్చబడుతుంది, అటూ ఇటూ జరుగుతుంది. ఒకే ముద్దగా, రోజంతా మీదే కూర్చుందనిపించిన నొప్పి విడివిడి కదలికలుగా తెలియడం మొదలైతే దాని బెదిరింపు తగ్గుతుంది.

నాలుగైదు ఊపిరులకి మించి మొదట్లో అక్కడ ఉండొద్దు. తర్వాత దృష్టిని అరచేతుల్లోకో పాదాల్లోకో తీసుకెళ్ళు. ఒంట్లో హాయిగా ఉన్న చోటు ఒకటైనా ఉంటుంది. కాసేపు అక్కడ ఉండి మళ్ళీ నడుం దగ్గరికి రా. ఈ వచ్చీపోవడమే దీనిలో ముఖ్యమైన పని, కొత్తవాళ్ళు సాధారణంగా వదిలేసేదీ ఇదే. దవడ, భుజాలు, కడుపు కూడా మధ్యమధ్యలో చూసుకో. నీకు తెలియకుండానే బిగబట్టి ఉంటావు.

ఆలోచనలు వస్తాయి. "నాకే ఎందుకిలా", "ఉద్యోగం మానేయాల్సి వస్తుందేమో", "జీవితాంతం ఇంతేనా" అని. వాటితో వాదించకు. అర్ధరాత్రి పెళ్ళివారి మైకు మోగుతుంటే ఆ పాట కంటే, "ఎప్పుడు ఆపుతారు వీళ్ళు" అనే చిరాకే నిద్ర చెడగొడుతుంది చూడు, ఇదీ అలాంటిదే. "ఇది భయం", "ఇది విసుగు" అని లోపలే ఒక మాట అనుకుని మళ్ళీ ఒంటి దగ్గరికి రా. వందసార్లు తప్పిపోతే వందసార్లు తీసుకురావడమే అభ్యాసం. భయం మరీ ఎక్కువై గుండె దడదడలాడితే కళ్ళు తెరిచెయ్, గోడ మీద క్యాలెండర్ చూడు, లేచి నీళ్ళు తాగు. ఆ రోజుకి చాలు.

"తగ్గిందా, తగ్గిందా" అని ప్రతి రోజూ కొలుచుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. విపశ్యన అనే ధ్యాన పద్ధతిని మన దేశానికి మళ్ళీ తెచ్చిన గోయెంకాగారు బర్మాలో వ్యాపారిగా ఉన్నప్పుడు తీవ్రమైన మైగ్రేన్‌తో మార్ఫిన్ సూదుల దాకా వెళ్ళారు. తలనొప్పి కోసం ధ్యానం నేర్చుకుంటానని వెళ్తే, గురువు సయాజీ ఊ బా ఖిన్ ఒంటి జబ్బు కోసమే అయితే రావద్దన్నారట. మనసు శుభ్రపడితే జబ్బుల్లో కొన్ని వాటంతటవే పోవచ్చు, దాన్ని గురిగా పెట్టుకోకూడదని ఆయన మాట. ఆ గురి పెట్టుకుంటే ప్రతి ఊపిరీ పరీక్ష అవుతుంది, పరీక్షలో టెన్షన్ ఉంటుంది, టెన్షన్‌లో నడుం బిగుసుకుంటుంది.

ఆయన పద్ధతిలో హైదరాబాదు నాగార్జునసాగర్ రోడ్డులో 1976లోనే కేంద్రం పెట్టారు, ధమ్మఖేత్త అని. ఏలూరు దగ్గర విజయరాయిలోనూ ఉంది. పది రోజులు మౌనంగా ఉండాలి, రుసుము తీసుకోరు. నిన్ను ఇప్పుడే వెళ్ళమనను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రోజుకి పది గంటలు కూర్చోవడం ఈ నడుంతో, చంటి పిల్లాడితో నీ వల్ల కాదు. తర్వాత ఎప్పుడైనా వెళ్తే ముందే నొప్పి సంగతి చెప్పి కుర్చీ అడుగు.

పగలు పనుల్లోనూ దీన్ని కలుపుకో. అంట్లు తోముతున్నప్పుడు బరువు ఏ కాలి మీద ఉందో చూసుకో. ఆఫీసులో మీటింగ్ అవ్వగానే లేచి మూడు ఊపిరులు నిలబడు. బాబుని ఎత్తుకునేముందు ఊపిరి వదిలి, మోకాళ్ళు వంచి, అప్పుడు ఎత్తుకో. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు ఇరవై నిమిషాలు కుదరకపోతే ఐదు చాలు. బాగున్న రోజు మాత్రం మానకు. నొప్పి లేనప్పుడు నేర్చుకున్నదే నొప్పి వచ్చినప్పుడు చేతికి అందుతుంది.

పొద్దున ఖాళీ దొరకదంటావని తెలుసు. ఆదివారం ఫోన్ చేస్తాను, అల్లుణ్ణి కూడా దగ్గర ఉండమను. ఆ ఇరవై నిమిషాలు బాబుని ఎవరు చూసుకోవాలో ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం.

ప్రేమతో,
పెద్దమ్మ